ఎడమకాలి పాఠం

మాఘం వెళ్ళి ఫాల్గుణం వస్తూండగా మేడిపల్లి వెళ్ళారంటే మిమ్మల్ని ముందుగా పలకరించేది మనుషులు కాదు, పసుపు వాసన. కోరుట్లకీ జగిత్యాలకీ మధ్యనున్న మా ఊళ్ళో ఆ రోజుల్లో ఏ వాకిట చూసినా ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఎండుతూంటాయి. హైదరాబాదులో ఎన్నేళ్ళున్నా, ఆ వాసన తగిలితే తప్ప పుట్టింటికి వచ్చినట్టుండదు నాకు.

మొన్న నేను వెళ్ళేసరికి మా అక్క వాకిట్లోనూ పసుపు ఆరబోసి ఉంది. దాని పక్కనే పెరటి గోడ. ఆ గోడకేసి ధడ్ ధడ్‌మని బంతి తంతోంది అక్క కూతురు. తొమ్మిదో తరగతి చదువుతోంది. రెండు జడలూ పైకి మడిచి కట్టుకుని, నుదుటి మీద చెమట కారుతున్నా తుడుచుకోకుండా ఒకటే తన్నడం.

"ఏందే, చిన్నమ్మ వచ్చింది కనవడ్తలేదా? బంద్ చెయ్యి ఇగ!" అని అక్క లోపల్నుంచి కేకేసింది.

"పదే తన్నుతనమ్మా, ఇంక పదే!" అంది పిల్ల.

ఆ పదిలో మూడోది గోడని వదిలేసి సరాసరి పసుపు మీదికి వెళ్ళింది. అక్క చేతిలో గరిటెతోనే బయటికి వచ్చింది. తరవాత జరిగిన సంభాషణ మీకు చెప్పక్కర్లేదు. ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఏదో రూపంలో జరిగేదే.

నేను గమనించింది వేరే సంగతి. పిల్ల ఎంతసేపూ ఎడమకాలితోనే తంతోంది. కుడికాలితో తంతే తిన్నగా వెళ్తుందని చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా కుడికాలు కదపడం లేదు. కాలికేమైనా దెబ్బ తగిలిందేమోనని అడిగాను.

"దెబ్బ కాదు చిన్నమ్మా. సారు నెల రోజులు పుర్రకాలితోనే ఆడమన్నడు. ఎన్ని సక్కగ పోయినయో రోజూ రాస్కోవాలె" అని లోపలికి పరిగెత్తి ఒక నోటుబుక్కు తెచ్చి చూపించింది. తేదీలూ, పక్కన అంకెలూ. నవంబరులో పదికి రెండు, పదికి ఒకటి. జనవరికి పదికి నాలుగు. ఒకచోట పదికి సున్నా అని రాసి, కొట్టేసి, మళ్ళీ సున్నానే రాసింది.

మా అమ్మమ్మ ఉంటే ఏమనేదోనని నవ్వొచ్చింది. చిన్నప్పుడు నేను పుర్రచేత్తో మెతుకు ముట్టుకుంటే చేతి మీద చిన్న దెబ్బ వేసేది. ఇప్పుడు ఒక మాస్టారు పనిగట్టుకుని ఎడమవాటం నేర్పుతున్నాడు!

కాని ఆ నవ్వు వెనకాలే మా తాత గుర్తొచ్చాడు. ఈ ఎడమకాలి సంగతి నేను ఆయన దగ్గర విన్నదే.

తాత 1950ల్లో హైదరాబాదు సిటీ కాలేజీలో చదువుకున్నాడు. చదువు ఎంతవరకు సాగిందో అమ్మమ్మకి మాత్రమే తెలుసు గాని, ఫతేమైదానంలో ఫుట్‌బాలు చూడటం మాత్రం నిరాటంకంగా సాగింది. వాకిట్లో నులకమంచం వేసుకుని, మేం చుట్టూ చేరితే, రామాయణం మొదలుపెట్టి ఫుట్‌బాల్లోకి వెళ్ళిపోయేవాడు. ఆయన కథల్లో నాయకుడు గోలు కొట్టేవాడు కాదు, గీత బయట నిలబడే రహీం సాబు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియాలో బి.ఏ. చదివి బడిపంతులయ్యాడు. (బి.ఏ. చదివినవాళ్ళు దేనికీ పనికిరారనే మా ఇంటాయనకి ఈ వాక్యం అండర్‌లైన్ చేసి చూపించాను.) ఆపైన వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలో పిల్లల ఆటపాటల బాధ్యత తీసుకున్నాడు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకి శిక్షకుడయ్యాడు. అదే ఏడు భారత జట్టు పగ్గాలూ చేతికొచ్చాయి. రెండుచోట్లా ఆయన లోపల్నుంచి పంతులు పోలేదు. నా ఉద్దేశంలో ఆయన గొప్పతనమంతా అక్కడే ఉంది.

అప్పటి హైదరాబాదు తలుచుకోండి. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. ఊరింకా ఆ కుదుపులోంచి పూర్తిగా తేరుకోలేదు. అలాంటి ఊళ్ళో పోలీసు ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్ళు బొంబాయి వెళ్ళి, 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు ఇంటికి తెచ్చారు. 1950లోనే కలకత్తా మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా గెలిచారు. ఒకసారి గెలవడం అదృష్టం కావచ్చు. అయిదేళ్ళు వరసగా గెలవడానికి ఎక్కడో ఎవరో ఒక లెక్క ప్రకారం పని చేస్తూండాలి.

ఆ లెక్క ఏమిటో తాత చెప్పేవాడు. ఆ కాలంలో మనవాళ్ళ ఆటంటే బంతిని కాలికి అంటించుకుని ఇద్దరు ముగ్గుర్ని తప్పించుకుంటూ పరిగెత్తడం. చూసేవాళ్ళకి ముచ్చటే. చప్పట్లు పడతాయి. కాని ఒక్కడు అలా ముద్దుచేస్తూంటే మిగతా పదిమందీ చూస్తూ నిలబడాలి. ఆ జబ్బు వదిలించడానికి రహీం కుర్రాళ్ళకి ఒక వింత పోటీ పెట్టాడు. అందులో బంతిని దగ్గర పెట్టుకోకూడదు, వచ్చింది వచ్చినట్టు పక్కవాడికి అందించాలి. ఇంకో పోటీ ఇంకా వింత. ఎవరికి ఏ కాలు వాటం కాదో ఆ కాలితోనే ఆడాలి. కుడివాటం వాడు ఎడమకాలితో, ఎడమవాటం వాడు కుడికాలితో.

"మొదాలు చూస్తే నవ్వొస్తది బిడ్డా, అందరు తప్పతాగినట్టే ఆడుతరు" అనేవాడు తాత. "రెండేండ్లయినంక చూడాలె. ఎటు దిక్కు నుంచి బాలొచ్చినా వాడు తిరగాల్సిన పని లేదు."

తిరగాల్సిన పని లేకపోవడం. చిన్నమాటలా కనిపిస్తుంది గాని, ఎదుటి జట్టు మనిషి మీదికి వచ్చేలోపల దొరికే రెప్పపాటు కాలమే ఆటంతా. ఆ రెప్పపాటు కోసం రెండేళ్ళు నవ్వులపాలు కావడానికి ఒప్పుకోవాలి. మనం వంటలో కొత్త పద్ధతి రెండు రోజులు కుదరకపోతే పాత దానికే వెళ్ళిపోతామే!

మనుషుల్ని వెతికి పట్టుకోవడంలోనూ ఆయనకి పంతులు కన్నే. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం ఆడటం చూశాడు. శిక్షణకి హైదరాబాదు రమ్మన్నాడు. అంత దూరం రోజూ రావడానికి తన దగ్గర డబ్బులేదన్నాడు కుర్రాడు. సైకిలు అద్దెకి రహీమే డబ్బిచ్చాడు. బలరాం పెద్దయ్యాక ఆ సంగతి చెప్పుకునేవాడు. ఆ కుర్రాడే 1956లోనూ 1960లోనూ ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోళ్ళు కొట్టాడు. మహా ప్రణాళికల్లో అద్దె సైకిలు ఖర్చు రాయడానికి గడి ఉంటుందో లేదో గాని, చాలా ప్రణాళికలు అక్కడే ఆగిపోతాయి. ఆడపిల్లల సంగతైతే మరీ.

ఇప్పుడు ఓటమి సంగతికి వస్తాను. ఎందుకంటే మా అక్క అసలు కోపం పసుపు మీద కాదు. దసరాకి ముందు జగిత్యాలలో జరిగిన పోటీల్లో మా పిల్లల జట్టు ఏడు గోళ్ళ తేడాతో ఓడిపోయింది. ఏడుకి సున్నా. పిల్ల రాత్రి అన్నం తినకుండా పడుకుందట. "వచ్చేయేడు పదోతరగతి. ఓడిపోయే ఆటకు ఒళ్ళు హూనం చేసుకునుడెందుకు? బావ దుబాయి నుంచి ఫోన్ చేస్తే నేనేం చెప్పాలె?" అంది అక్క, వంటింట్లో నాతో గొంతు తగ్గించి. "మార్చిలో పరీక్షలైనంక బంద్ చేపిస్త. నువ్వు జెర చెప్పు దానికి. నువ్వు చెప్తే వింటది."

నేను వెంటనే ఏమీ అనలేదు. అక్క మాట కొట్టిపారెయ్యదగ్గది కాదు. పదోతరగతి నిజం. ఒంటిచేత్తో ఇల్లు నడిపే ఆడదాని భయమూ నిజమే.

ఏడుకి సున్నా ఏం ఓటమి! 1952లో ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో మన దేశపు జట్టు యుగోస్లావియా చేతిలో పదికి ఒకటితో ఓడింది. శిక్షకుడు రహీమే. అంతకు ముందేడు ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్ మీద మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో బంగారం తెచ్చినవాళ్ళు వీళ్ళే. ఏడాది తిరిగేసరికి పది గోళ్ళు! మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. మన ఎండలకి గట్టిపడిన నేల మీద వట్టికాలు చురుకే, బంతి స్పర్శ తెలుస్తుంది. ఆ చలిదేశంలో, తడి పచ్చిక మీద, ఇనప కీలల్లాంటి బూట్ల ఎదుట ఆ చురుకు ఎంతసేపు నిలుస్తుంది?

(విచిత్రం చూశారూ, అవే హెల్సింకీ పోటీల్లో చెకోస్లొవేకియా నుంచి వచ్చిన ఎమిల్ జాటోపెక్ అయిదు వేల మీటర్లు, పది వేల మీటర్లు, మారథాను మూడూ గెలిచాడు. చలికాలంలో బరువైన బూట్లు తొడుక్కుని, కొంత దూరం వేగంగా, కొంత దూరం నెమ్మదిగా, మళ్ళీ వేగంగా, రోజుకి ఎన్నో పదులసార్లు పరిగెత్తి తయారైనవాడు. ఆయన బూట్ల కథ ఒకటి, మనవాళ్ళ బూట్ల కథ ఒకటి, ఒకే ఊళ్ళో.)

అంత ఓటమి తరవాత ఇంటికొచ్చిన మనిషి ఏం చెయ్యాలి? మొహం చాటెయ్యచ్చు. వాన మీదా చలి మీదా నెట్టెయ్యచ్చు. లేదా, ఆ పది గోళ్ళూ ఎలా పడ్డాయో ఒకటొకటి విప్పి చూసుకోవచ్చు. ఆ తరవాత మన ఫుట్‌బాలు సంఘం బూట్లు తప్పనిసరి చేసింది. చిన్నప్పట్నించీ వట్టికాళ్ళతో ఆడినవాడికి బూటు వేసుకోవడమంటే ఆటంతా మళ్ళీ అఆల నుంచి దిద్దుకోవడమే. దానికీ ఓపిక కావాలి. రహీం అప్పటికే మొదలుపెట్టిన పనిని, అంటే ఒక్క తాకుడుతో బంతిని అందించడం, రెండు కాళ్ళూ వాడటం, ఎవరు ఎక్కడ నిలబడాలో మార్చి మార్చి చూసుకోవడం, ఆపలేదు. బ్రెజిల్ వాళ్ళు 1958 ప్రపంచకప్పు గెలిచి లోకానికి చూపించిన నాలుగు-రెండు-నాలుగు వరసని మనవాళ్ళచేత ఆడించినవాడు ఆయనే.

నాలుగేళ్ళయింది. 1956, మెల్‌బోర్న్. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టగా, ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియానే మనవాళ్ళు నాలుగు-రెండుతో ఓడించారు. ఒలింపిక్ ఫుట్‌బాల్లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. ఆ జట్టులో గోల్‌కీపరు పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, ఇందరు మన హైదరాబాదు వాళ్ళు. సెమీఫైనల్లో ఎదుట ఎవరనుకున్నారు? మళ్ళీ యుగోస్లావియా!

ఈసారి ముందు గోలు మనదే పడింది. తరవాత నాలుగు తిన్నారు. ఓటమే. మూడో స్థానం ఆటలోనూ బల్గేరియా చేతిలో ఓడి, పతకం లేకుండానే ఇంటికొచ్చారు. కాని తాత ఈ ఘట్టం దగ్గరికి వచ్చేసరికి మంచం మీద లేచి కూర్చునేవాడు. "అదే యుగోస్లావియా. అప్పుడూ వెండి పతకం గెలిచిన జట్టు, ఇప్పుడూ వెండి పతకం గెలిచిన జట్టు. వాళ్ళేం తగ్గలేదు. పది-ఒకటి ఏడికొచ్చింది? నాలుగు-ఒకటికి. మనోళ్ళు ఎంత నడిచిండ్రో లెక్క కట్టుండ్రి" అనేవాడు.

అప్పుడు నాకు అర్థం కాలేదు. ఓటమిని కూడా కొలవచ్చునని, దాని పొడుగు తగ్గుతూంటే ఎక్కడో శిక్షణ పనిచేస్తున్నట్టేనని, మొన్న పిల్ల నోటుబుక్కు చూసేదాకా తోచనేలేదు.

ఆటల శిక్షణకి ఇప్పుడు పెద్ద శాస్త్రమే ఉంది. 1960ల్లో సోవియట్ దేశంలో మత్వేయెవ్ అనే పండితుడు ఏడాదిని దశలుగా విడగొట్టి, ఎప్పుడు ఒంటికి బలం కూర్చాలో, ఎప్పుడు నైపుణ్యానికి పదును పెట్టాలో, ఎప్పుడు పోటీకి దిగాలో, ఎప్పుడు విశ్రాంతినివ్వాలో సిద్ధాంతంగా రాశాడు. మా మేడిపల్లి ఆడవాళ్ళకి చెబితే ఇందులో వింతేముందంటారు. పసుపుకీ అంతేగా. విత్తిన తొమ్మిది నెలలకి తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, మెరుగు పెట్టాలి. ఆర్నెల్లకే తవ్వి చూస్తే వేళ్ళు తప్ప ఏముంటాయి? అయితే పసుపుకి పరీక్షలుండవు, పెళ్ళిచూపులుండవు. అదొక్కటే తేడా.

జకార్తా కథ చెప్పకుండా తాత మమ్మల్ని నిద్రపోనిచ్చేవాడు కాదు. 1962 ఆసియా క్రీడలు. రహీం అప్పటికే కాన్సరుతో ఉన్నాడు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో రెండు-సున్నాతో ఓడిపోయాం. తరవాత థాయిలాండు మీద గెలిచాం గాని, జర్నైల్ సింగుకి తల పగిలి కుట్లు పడ్డాయి. జపాను మీద గెలిచాం. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద మూడు-రెండు. ఫైనల్లో మళ్ళీ కొరియా!

మొదటి ఓటమికీ ఫైనలుకీ మధ్య పట్టుమని పది రోజులు లేవు. పన్నెండేళ్ళు నిదానంగా కూడబెట్టినదంతా ఆ కొద్ది రోజుల్లో ఖర్చు పెట్టాడాయన. వెనక నిలబడి కాపలా కాసే జర్నైల్ సింగుని, తలకి కట్టు కట్టి, తీసుకెళ్ళి ముందు వరసలో గోలు కొట్టేచోట నిలబెట్టాడు. కొరియావాళ్ళు బంతిని గాల్లో ఎత్తి ఆడతారని, అప్పటిదాకా ఆడుతున్న గోల్‌కీపర్ని పక్కన పెట్టి, జ్వరం నుంచి లేచిన పొడుగరి తంగరాజ్‌ని దించాడు. ముందురోజు రాత్రి పిల్లలందర్నీ కూర్చోబెట్టి, రేపు నాకొక కానుక కావాలి, బంగారు పతకం కావాలి అని అడిగాడట. పంతులు శిష్యుల్ని గురుదక్షిణ అడగడం మనకి కొత్త కాదు గాని, ఈయన అడిగినప్పుడు ఆయన దగ్గర ఏడాది కూడా మిగల్లేదు.

1962 సెప్టెంబరు 4. స్టేడియం నిండా లక్షమంది. ఇజ్రాయెల్, తైవాన్‌లని పోటీలకి రానివ్వలేదని మన దేశపు ప్రతినిధి సోంధీ తప్పుపట్టడంతో, అక్కడి జనం మనవాళ్ళ మీద మండిపడుతున్నారు. మన జట్టు బంతి ముట్టుకుంటే చాలు, ఈలలూ కేకలూ. ఆ హోరులో మనకోసం గొంతెత్తింది ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు. పదిహేడో నిమిషంలో పి.కె.బెనర్జీ, మరి మూడు నిమిషాలకి తలకట్టుతోనే జర్నైల్ సింగ్. రెండు-ఒకటితో గెలిచాం.

1963 జూన్ 11న రహీం కన్నుమూశాడు. యాభై నాలుగు కూడా నిండలేదు. ఆ తరవాత మన పురుషుల జట్టు ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మరి బంగారం చూడలేదు. 1970లో బాంకాక్‌లో కంచు వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ హైదరాబాదీ నయీముద్దీన్, శిక్షకుల్లో ఒకరు రహీం దగ్గర ఆడిన పి.కె.బెనర్జీ. వేసిన ఎరువు మరో పంటకి కూడా కొంత పనికొచ్చిందన్నమాట. అంతే, ఆపైన పతకమే లేదు. మనిషితోపాటే నోటుబుక్కూ పోతే ఇలాగే అవుతుంది. 2024లో ఆయన మీద 'మైదాన్' అని హిందీలో సినిమా తీశారు. నేను వెళ్ళి చూశాను, ఏడ్చాను. ఎడమకాలి పోటీల కోసం వెతుక్కున్నాను కూడా. నేను చూడాలనుకున్న పంతులు వెండితెరకి కాస్త నెమ్మది మనిషేమో.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఇదంతా అక్కకీ పిల్లకీ చెప్పాను. పిల్ల తాతని చూడలేదు. జకార్తా దగ్గర నోరు తెరుచుకుని వింది. అక్క మాత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ, "వాళ్ళు మొగోళ్ళు. పోలీసు కొలువులు. దీనికేముంది?" అంది.

న్యాయమైన ప్రశ్నే. నాకు తెలిసిన జవాబు ఒకటి చెప్పాను. మన పక్కనే, నిజామాబాదు జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య దేశపు జట్టులో ఆడుతోంది. ముందు పరుగుపందాల పిల్ల, తరవాత ఫుట్‌బాల్లోకి వచ్చింది. క్రొయేషియా దాకా వెళ్ళి ఆడి వచ్చింది. 2025లో దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఫుట్‌బాలు సంఘం అవార్డు అందుకుంది. అప్పుడామె ఆడుతున్నది కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టుకి. 1957లో అమ్ముగూడ బలరాం వెళ్ళి చేరింది కూడా ఆ జట్టులోనే.

"తండా పిల్లనా?" అని అడిగింది అక్క. అంతే. ఇంకేమీ అనలేదు.

"పది పరీక్షలకి చదవదనేగా నీ భయం? సారుని అడుగు, చదువుకి ఎంతసేపు, ఆటకి ఎంతసేపు అని ఆ నోటుబుక్కులోనే రాయించు. రెండూ రాసుకోనీ" అన్నాను పిల్లకి వినపడేలా.

"నేను రాస్కుంట అమ్మా" అంది పిల్ల గబుక్కున. "లెక్కలల్ల ఎన్నొచ్చినయో గూడ రాస్కుంట."

"సున్నా వస్తె కొట్టేసి మళ్ళ సున్నా రాస్తవా?" అంది అక్క. నోటుబుక్కు తనూ చూసిందన్నమాట!

మర్నాడు తెల్లవారకముందే ధడ్ ధడ్‌మని చప్పుడుకి మెలకువొచ్చింది. ఇవాళ మళ్ళీ గొడవేననుకుంటూ వాకిట్లోకి వచ్చాను. పిల్ల గోడ దగ్గర ఉంది. ఎడమకాలే. అక్క చీరకొంగు నడుముకి దోపుకుని, వంగి, పసుపు కొమ్ములన్నీ తట్టలోకి ఎత్తుతోంది.

"ఏం చేస్తున్నావే పొద్దున్నే?"

"ఏం లేదు. ఈ దిక్కు ఎండ సక్కగ పడ్తలేదు" అంది నా వైపు చూడకుండా. "అవతల కొట్టం ముంగట ఆరబోస్త."

ఆ తట్ట రెండో పక్క పట్టుకుని నేనూ సాయం చేశాను.